మ్యాప్ మీద మా బావ చుక్క

దయ్యాలున్నాయని నేను చాలామందిని నమ్మించాను గానీ, నేను మాత్రం ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేది ఆ కోవకు చెందినదో కాదో కూడా నాకు తెలియదు.

నార్సింగిలో మా అపార్ట్‌మెంట్ పార్కుకు వచ్చేవాళ్లందరికీ నేను రాకెట్లు ప్రయోగించిన మనిషినని తెలుసు. నేనే చెప్పాను. అది విని, మా పై అంతస్తులో ఉండే స్వప్న నన్ను మాదాపూర్‌లోని తన ఆఫీసుకు తీసుకెళ్లింది. పిల్లల సైన్స్ ప్రదర్శన కోసం వాళ్లు రాకెట్ ప్రయోగాల చరిత్రనంతా ఒక మ్యాప్‌గా తయారు చేస్తున్నారు. తెర మీద వేలు పెడితే ఏ రాకెట్ ఎక్కడ లేచిందో, ఎక్కడ పడిందో గీత గీసి, పడిన చోట చుక్క పెట్టి చూపిస్తుంది. తప్పులుంటే పట్టుకోవడం నా పని.

నిజానికి నేను ప్రయోగించిందేమీ లేదు. తూర్పు తీరంలో ఒక చిన్న కేంద్రంలో, రాకెట్ వదిలే ముందు గాలివాటం చూడటానికి ఎగరేసే బెలూన్లలో గ్యాస్ నింపేవాణ్ణి.

మా అక్క భర్త అక్కడే పడవ మీద పనిచేసేవాడు. అక్కడి చిన్న రాకెట్లు పైకి పోయి, గాలి సంగతులు కొలిచి, సముద్రంలోనే పడేవి. పరికరాల పెట్టె పారాచూట్‌తో దిగితే పడవ వెళ్లి తెచ్చేది. ఒకసారి అలా వెళ్లిన పడవను గాలివాన కమ్మేసింది. పెట్టె దొరకలేదు, పడవ దొరకలేదు, బావ రాలేదు.

అప్పటినుంచి అక్క నా దగ్గరే ఉంటోంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆయనకు తద్దినం పెట్టనివ్వలేదు. బొట్టు తీయలేదు. “ఎక్కడ పోయాడో తెలియని మనిషికి నీళ్లెలా వదలమంటావురా?” అనేది.

మ్యాప్ చూసిన మొదటిరోజే ఒక తప్పు పట్టాను. మా తీరంలో లేచిన రాకెట్లు కొన్ని ఆఫ్రికా పక్కన సముద్రంలో పడుతున్నాయి.

“మా కాలంలో ఇంత బలమైన రాకెట్లు లేవే తల్లీ!”

స్వప్న పకపకా నవ్వింది. “పడ్డ జాగ తెల్వకుంటే పట్టికల ఆ గడి ఖాళీ ఉంటది తాతా. ఖాళీని కంప్యూటర్ సున్నా అనుకుంటది. అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా అంటే ఆడనే పడ్తది.”

అయితే బావ ఏ రాకెట్ పెట్టె కోసం వెళ్లాడో అది కూడా ఆఫ్రికా పక్కనే ఉండాలి. వెతికించాను. వివరాల్లో ఉంది. పడిన చోటు గడి ఖాళీగానే ఉంది. చుక్క మాత్రం ఆఫ్రికా దగ్గర లేదు. బంగాళాఖాతంలో, మా కేంద్రానికి ఎదురుగా ఉంది.

పార్కులో ఈ ఘట్టం చెప్పేటప్పుడు చుక్క ఎర్రగా వెలిగిందనీ, ఆఫీసంతా అలల హోరు వినబడిందనీ చెబుతాను. అదంతా నా కల్పన. మిట్టమధ్యాహ్నం, ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. మిగతావాటిలాగే అదీ బూడిదరంగు చుక్క.

“నువ్వేమన్న గెలికినవా తాతా?”

“నాకు మౌస్ పట్టుకోవడమే రాదు.” ఇది మాత్రం అబద్ధం కాదు.

స్వప్న ఆ వరుస తీసేసి మళ్లీ ఎక్కించింది. పక్క టేబుల్ కంప్యూటర్‌లో చూసింది. ప్రోగ్రాం రాసినాయన వచ్చి ప్రతి లైనూ చదివాడు. చుక్క కదల్లేదు. చివరికి ఆయన విసుగ్గా, “చోటు తెలియనివన్నీ తీసేద్దామండి. రేపు ప్రదర్శనవాళ్లు చూడ్డానికొస్తున్నారు,” అన్నాడు.

ఒక్క పూట ఆగమని బతిమాలి, అక్కకు ఫోన్ చేశాను. ఆటోలో వచ్చింది. పార్కులో అయితే అక్క స్పృహ తప్పిందని చెబుతాను. స్పృహ తప్పలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, తెర వంక కాదు, నా వంక చూసింది.

“ఒరే, నిజం చెప్పు. ఇది నీ వేషం కాదుగా?”

చిన్నప్పటినుంచీ ఆమెను ఆటపట్టిస్తూ బతికినవాణ్ణి. ఇప్పుడు నమ్మదేమోనని భయం వేసింది. స్వప్నే చెప్పింది. “లేదమ్మా. నేనే తీసేసి చూసిన. మళ్ల ఆడనే వస్తుంది.”

అక్క తెరను ముట్టుకోలేదు. “ఒడ్డుకెంత దూరమమ్మా?” అంది.

స్వప్న కొలిచి చూసింది. “శాన దూరమేం లేదమ్మా. ఒడ్డు కనవడేంత దగ్గరనే.”

అక్క అప్పుడు చుక్క వంక చూసింది.

“ఆ రాత్రంతా లాంతర్లు పట్టుకుని ఒడ్డునే నిలబడ్డాం. అయితే ఆయనకు కనబడే ఉంటాయి.”

ఇంటికి రాగానే పంతులుగారికి ఫోన్ చేసి తద్దినానికి రోజు చూడమని చెప్పింది.

మిగతా ఖాళీ చుక్కలన్నీ తీసేశారు. ఆ ఒక్కదాన్ని మాత్రం స్వప్న ఉంచింది. దాని గడి ఈరోజుకీ ఖాళీయే. చుక్క అక్కడికెలా వచ్చిందో నాకు తెలియదు. ఏదో ఒక కారణం అల్లి చెప్పడం నాకు కష్టమేమీ కాదు. చెప్పబుద్ధి కావడం లేదు.