మిల్లు నోరు మూయించిన ఉష్ మేస్త్రి

రోజూ పొద్దున్నే మిల్లు మిల్లంతటినీ నోరు మూసుకోమనడం బాయిలరు మేస్త్రికి అలవాటు. షిఫ్టు గంట మోగకముందే పొడవాటి స్క్రూడ్రైవరు ఒకటి చేత పట్టుకుని బయల్దేరేవాడు. దాని కొన ఆవిరి గొట్టానికి, పిడి తన చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఆ సమయంలో పక్కన ఎవరైనా కాస్త గట్టిగా ఊపిరి పీల్చినా సరే, పెదవుల మీద వేలు పెట్టి "ఉష్" అనేవాడు. దాంతో ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ ఉష్ మేస్త్రే.

ఆ కాగితం మిల్లుకు కొత్తగా వచ్చిన మేనేజరు మొదటిరోజే ఆ ఉష్ రుచి చూశాడు. అప్పటికే మూడు మిల్లులు మారి, వెన్నునొప్పి సంపాదించుకుని, మనుషులతో మాట్లాడే ఓపిక సగానికి సగం పోగొట్టుకుని వచ్చినవాడాయన.

"నమస్కారమండీ, నేను కొత్తగా..."

"ఉష్."

"అది కాదు, నేను మీ..."

"ఉష్ అన్నానా. ఇది ఏడుస్తోంది."

ఏడుస్తున్నది గొట్టం కింద ఉన్న ట్రాపు. ఆవిరి చల్లబడి నీరయితే ఆ నీటిని మాత్రం బయటికి వదిలి, ఆవిరిని లోపలే ఆపే ఇనుప డబ్బా అది. బాగున్నదైతే ఆగి ఆగి టక్కుమంటుంది. పాడైనదైతే ఆగకుండా బుస్సుమంటూ, కాగితం ఆరబెట్టాల్సిన ఆవిరిని కాలవపాలు చేస్తుంది. అలాంటివి మిల్లులో అరవై. ఒక్కటి ఏడ్చినా బాయిలరు నాలుగు తట్టల బొగ్గు ఎక్కువ తినేది. పొగగొట్టం మరింత నల్లగా దగ్గేది. ఆ మసి వెళ్ళి ఎదురు వీధిలో ఆరేసిన దుప్పట్ల మీద వాలేది.

మరుసటి ఏడు డైరెక్టరుగారు వచ్చారు. గిడ్డంగిలో వేదిక వేయించి పర్యావరణం గురించి ఉపన్యాసం ఎత్తుకున్నారు. "ఈ భూమి మనకు..." అన్నారో లేదో, వెనకనుంచి "ఉష్" అని వినబడింది. డైరెక్టరుగారు ఆగిపోయారు. మేస్త్రి వంగి వేదిక కిందికి దూరి, కాసేపటికి మోకాళ్ళు దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"ఇక కానివ్వండి బాబూ. మీ కాళ్ళ కిందే ఆవిరి పోతోంది, ఆపేశాను."

ఉపన్యాసం రెండు నిమిషాల్లో ముగిసింది. పొద్దుట్నించి నిలబడ్డ మూడొందలమంది ఆ వేళ మేస్త్రికి మనసులోనే దండం పెట్టుకున్నారు.

అలా ఐదారేళ్ళు గడిచాయి. ఏడాదిగా మాత్రం మేస్త్రి వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు తిరగడం మొదలుపెట్టారు. బాయిలరుకు బొగ్గు తట్టలు మోసే తోడికోడళ్ళు వాళ్ళు. పెద్దకోడలి చేతిలో గుడ్డపీలిక, చిన్నకోడలి చేతిలో సుద్దముక్క. ఇంట్లో తెమలని తగవు మిల్లు దాకా మోసుకొచ్చే ఆ ఇద్దరూ మేస్త్రి ఉష్ అనగానే బొమ్మల్లా నిలబడిపోయేవారు. పని ఎగ్గొట్టే ఉపాయమని మేనేజరు అనుకున్నాడు. అడిగే ఓపిక లేక ఊరుకున్నాడు.

ఇంకో వింత కూడా మొదలైంది. ఎవరూ ఏమీ మాట్లాడకపోయినా మేస్త్రి ఉష్ అనేవాడు. వయసు మీదపడిందిలే అనుకున్నారు అందరూ.

అంతలో పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. అందులో రెండే వాక్యాలు. రెండు నెలల్లో బొగ్గు పదోవంతు తగ్గించాలి. బొగ్గు తగ్గాక మోసేవాళ్ళలో ఇద్దరిని తీసేయాలి. మొదటి వాక్యం మేనేజరు గోడకు అంటించాడు. రెండోదాన్ని చింపి జేబులో పెట్టుకున్నాడు. మోసేవాళ్ళలో అందరికన్నా వెనక చేరినవాళ్ళు ఆ తోడికోడళ్ళే. వాళ్ళ ముఖం చూసి చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

కాగితం వెనకాలే పెద్దాఫీసువారు పంపిన నిపుణుడు ఒక యంత్రంతో దిగాడు. ట్రాపుకు ఆనిస్తే కూతపెట్టే యంత్రం అది. మేస్త్రి దాన్ని కూడా ఉష్ అన్నాడు.

"ఇది ఊరుకోదండీ, దీని పనే అరవడం," అన్నాడు నిపుణుడు.

"అరుస్తూ వినడం ఎలా కుదురుతుంది నాయనా?" అంది పెద్దకోడలు, మేస్త్రికి బదులుగా.

యంత్రం నాలుగు పాడైన ట్రాపులు పట్టింది. మేస్త్రి బృందం సుద్దతో గుర్తు పెట్టినవి పదకొండు. విప్పి చూస్తే పదకొండూ పాడైనవే. నిపుణుడు యంత్రాన్ని పెట్టెలో పెట్టుకుని, టీ తాగి, వెళ్ళిపోయాడు.

వాటిని బాగుచేశాక, రెండో నెలాఖరుకు బొగ్గు పదోవంతు కాదు, ఎనిమిదోవంతు తగ్గింది. పెద్దాఫీసు నుంచి అభినందనలు వచ్చాయి, వాటితోపాటు పర్యావరణ ఆవిష్కరణ పోటీకి ఒక ఫారం, దాని కిందే గుర్తుచేస్తూ ఒక తాకీదు: సోమవారంలోగా ఆ ఇద్దరి పేర్లు పంపండి.

మేనేజరు ఆ కాగితాలు పట్టుకుని, వెన్ను పట్టుకుని, బాయిలరు వెనక్కి వెళ్ళాడు. తోడికోడళ్ళు తట్టలు బోర్లించి కూర్చున్నారు. మేస్త్రి అటు తిరిగి మీటరు తుడుస్తున్నాడు. ముందు ఆయనకు చెబితే ఆయనే వాళ్ళకు చెబుతాడని మేనేజరు ఆశ.

"మేస్త్రిగారూ."

మేస్త్రి తిరగలేదు.

"మేస్త్రిగారూ, మిమ్మల్నే."

"అరవకండి సార్, గొంతు పోతుంది," అంది చిన్నకోడలు. "మేస్త్రికి వినపడదు."

"వినపడకపోవడమేంటి?"

"ఏడాదిన్నరగా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు ఎడమవైపు చెవి పక్కనే అరిస్తే కాస్త."

మేనేజరు అక్కడే ఉన్న మూడో తట్ట మీద కూలబడ్డాడు. "మరి ఆ ట్రాపులన్నీ..."

"వినేది మేమండీ. మొదట ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని విన్నట్టు చేసి, తర్వాత మాకిస్తాడు. అక్క వింటుంది, నేను గీస్తాను. ఒక్కోసారి నేను వింటాను, అక్క నమ్మదు."

"నీ చెవి మీద నాకేం నమ్మకం," అంది పెద్దకోడలు. తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "ఆ ఉష్ మాకోసం సార్. బొగ్గు మోసేవాళ్ళం, మేము చప్పుడు చేయొద్దంటే ఎవరాగుతారు? ఆయనంటే డైరెక్టరుగారైనా ఆగుతారు."

అప్పుడే ఇటు తిరిగిన మేస్త్రికి వాళ్ళ పెదవుల కదలిక చూసి సంగతి అర్థమైంది. దొరికిపోయిన పిల్లాడిలా తల గోక్కున్నాడు.

"బొగ్గు తగ్గే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది బాబూ, రావాలి కూడా. ఆ రోజు తట్ట చేతిలోంచి పోతే, పట్టుకోవడానికి ఇంకోటి ఉండాలి కదా. దేవుడు నా చెవులు తీసేసుకునేముందు ఆ విద్య వీళ్ళ చెవుల్లో పోయమన్నాడనుకున్నాను. ట్రాపుల్ని వినేవాళ్ళు లేకపోతే ఆర్నెల్లలో మళ్ళీ మొదటికొస్తాయి."

మిల్లులో మనుషుల్ని తీసేసే అధికారం పెద్దాఫీసుది. ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మార్చే అధికారం మాత్రం మేనేజరుదే. అలసటలో పడి ఆ సంగతి ఆయనే మరిచిపోయాడు. జేబులోంచి కలం తీశాడు. ఫారంలో 'ఈ ఆలోచన ఎవరిది' అన్నచోట ముగ్గురి పేర్లు రాశాడు. తాకీదు వెనకవైపున, తీసేయడానికి బొగ్గు విభాగంలో ఇక ఆ ఇద్దరూ లేరనీ, ఈ రోజు నుంచి వాళ్ళు ఆవిరి తనిఖీలో పనిచేస్తున్నారనీ రాసి సంతకం పెట్టి, వాళ్ళకు చదివి వినిపించాడు.

తోడికోడళ్ళు మొదటిసారి ఒకరినొకరు ఏమీ అనుకోలేదు.

మేస్త్రి వచ్చి మేనేజరు పక్కన గొంతుక్కూర్చుని, ఎడమచెవి ఆయన వైపు వంచాడు.

"ఒక్క సాయం చేసిపెట్టండి బాబూ. ఇప్పుడు రాసింది గట్టిగా, మిల్లంతా అదిరేలా చదవండి. నాకూ వినాలని ఉంది."