సీలు పిల్లకు శాలువా కప్పిన రోజు

శాలువా కప్పడమంటే మనవాళ్ల లెక్కలో సన్మానం. ఆ సన్మానం నేనొక సీలు పిల్లకు చేశాను, అదీ దాటకూడని తాడు దాటి వెళ్లి. కాబట్టి ఇందులో తెలివితక్కువవాడెవరా అని చదివేవాళ్లు వెతుక్కోనక్కర్లేదు.

నవంబరు చివరి ఆదివారం. మిల్టన్ కీన్స్ నుంచి నేను, నా భార్య, ఎనిమిదేళ్ల మా అమ్మాయి. బర్మింగ్‌హామ్ నుంచి మా తోడల్లుడు, వదిన. ఆయన అక్కడ ఆస్పత్రిలో డాక్టరు. వయసులో నాకంటే పెద్ద, మాటలో ఇంకా పెద్ద. ఇంగ్లండు తూర్పు తీరంలో సీళ్లనే సముద్రపు జంతువులు ఒడ్డుకొచ్చి పిల్లల్ని పెట్టే చోటొకటి ఉంటే చూడ్డానికి వెళ్లాం.

పదో పాతికో ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే ఇసుకే కనపడలేదు. లారీలోంచి దొర్లించిన బస్తాల్లా కనుచూపు మేరా సీళ్లే, మధ్య మధ్య తెల్లటి పిల్లలు. అవి ఏడుస్తాయని నాకెవరూ చెప్పలేదు. కళ్లు మూసుకుంటే ప్రసూతి వార్డులో ఉన్నట్టుంది.

జనం దాటకుండా కట్టిన తాడుకు రెండడుగుల అవతల ఒక పిల్ల ఒంటరిగా పడి ఏడుస్తోంది.

"తల్లి వదిలేసింది తమ్ముడూ," అన్నారు తోడల్లుడు. "ఎలా వణుకుతోందో చూడు."

"ఎవరినైనా పిలుద్దామా అన్నయ్యగారూ?"

"వాళ్లొచ్చేలోగా అది కాస్తా పోతుంది. నీ భుజం మీద శాలువా ఉందిగా, కప్పేసి రా. క్షణం పని."

డాక్టరే చెప్పాక ఇంకేముంది. తాడు దాటాను. చెవులకు గాలి తగలకూడదని చెవుల కోసం వెతికి, అవి బయటికి కనపడవని తెలుసుకుని, మెడ దాకా కప్పాను. పిల్ల నా చేతిని కొరకబోయింది. సరిగ్గా అప్పుడే నీటి అంచునుంచి పాక్కుంటూ వస్తున్న పెద్ద సీలు ఒకటి ఆగింది. నన్ను చూసింది. వెనుదిరిగి సముద్రంలోకి వెళ్లిపోయింది.

పసుపు కోటు వేసుకున్న ఒక పెద్దావిడ పరుగున వచ్చింది. అక్కడ స్వచ్ఛందంగా కాపలా ఉండేవాళ్లలో ఒకరు. కోప్పడలేదు, అందుకే భయమేసింది. వెళ్లిపోయినది దీని తల్లేనని, పాలివ్వడానికే వస్తోందని నెమ్మదిగా చెప్పింది. పిల్లకు మనిషి వాసన అంటితే కొన్ని తల్లి సీళ్లు మళ్లీ దగ్గరికి రానివ్వవట. పాలు లేకపోతే ఇంత చిన్న పిల్ల బతకదట.

సాయం కోసం తోడల్లుడి వైపు చూశాను. ఆయన అప్పటికే నాలుగడుగులు అవతలికి జరిగి ఉన్నారు.

"ఐ డిడ్ వార్న్ హిమ్," అన్నారు ఆవిడతో, చక్కటి ఇంగ్లీషులో.

తోడల్లుడు అనే మాటలో తోడు ఎందుకు పెట్టారో నాకా క్షణాన అర్థం కాలేదు.

ఆవిడ పొడవాటి కర్రతో శాలువా లాగేసి, అందర్నీ దూరం జరిపింది. ఎదురుచూడ్డం తప్ప చేసేదేమీ లేదు. గాలి చెంపలు కోస్తోంది.

"డాడీ, యు టచ్డ్ ఇట్," అంది మా అమ్మాయి. వెళ్లి వాళ్లమ్మ పక్కన నిలబడింది. సీలు పిల్ల ఏడ్చి ఏడ్చి ఆగిపోయింది. ఏడుపు కంటే ఆ ఆగడమే ఎక్కువ భయపెట్టింది.

గంటన్నర దాటాక నీళ్లలో ఒక తల తేలింది. ఒడ్డుకొచ్చింది. ఆగింది. మళ్లీ కదిలింది. పిల్లను మూతి దగ్గర వాసన చూసింది, ఇంకోసారి చూసింది. చివరికి పక్కకు ఒరిగింది. పిల్ల పొట్ట దగ్గర తడుముకుని పాలు అందుకుంది.

ఆవిడ కళ్లు తుడుచుకుని, ఇలా తాడు దాటేవాళ్లను ఆపడానికి మనుషులు చాలడం లేదంది.

అప్పుడు నాకు నోరొచ్చింది. "ఈయన డాక్టరు," అన్నాను తోడల్లుణ్ని చూపించి. "నన్ను ఎంత గట్టిగా ఆపబోయారో మీకు తెలుసుగా. జనానికి చెప్పడంలో ఈయన్ని మించినవాళ్లు లేరు. ఆదివారాలు ఖాళీయే."

ఆవిడ ఆనందంగా, కాపలాకు వచ్చేవాళ్ల పేర్లు రాసుకునే కాగితం చాపింది. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. అప్పటిదాకా చెప్పినది అబద్ధమని ఒప్పుకోవాలి, లేదా సంతకం పెట్టాలి. పెట్టారు.

మొన్న వదిన ఫోన్ చేసింది. "ఆస్పత్రి డ్యూటీల రోటా చాలదన్నట్టు ఈ సీళ్ల రోటా ఒకటి. మానేయమంటే పరువు పోతుందంటారు. నిన్నంతా వానలో నిలబడి వచ్చారు."

"అయ్యో పాపం వదినా," అన్నాను.