కంప్యూటర్ల కోసం రెండెకరాలు

జనవరి, చివరి ఆదివారం. మా సిద్దిపేట ఇంట్లో ఉన్నవారు: నేను, కుకునూరుపల్లిలో సేద్యం చేసే నా తమ్ముడు, మరదలు, వరసకు అల్లుడయ్యే భూముల బ్రోకరు.

తమ్ముడి భూమికి బ్రోకరు బయానా తెచ్చాడు. కొంత సొమ్ము ముందిచ్చి కాగితం రాసుకుంటే ఆరు నెలలు ఆ భూమి బ్రోకరు చేతిలో ఉంటుంది. ఆలోగా ఎక్కువ ధరకు ఇంకొకరికి అమ్ముకుంటాడు. తమ్ముడికి ఉన్నదల్లా ఆ రెండెకరాలే.

"ఏఐ కంప్యూటర్ల బిల్డింగులు ఇటే వస్తున్నయి మామా. ప్రపంచంల పైసలన్నీ దాంట్లనే పోస్తున్రు," అన్నాడు బ్రోకరు.

ఎవరి దగ్గర ఎవరు కొంటున్నారో అడిగి డైరీలో వరుసగా రాశాను. తమ్ముడి దగ్గర ఇతను, ఇతని దగ్గర గజ్వేల్ వాళ్లు, వాళ్ల దగ్గర హైదరాబాదు వాళ్లు. ఆ తరువాత రాయడానికి పేరు దొరకలేదు.

"కంపెనోన్ని చూసినవా అల్లుడా?" అని అడిగాను.

"నేను చూడలె గని, గజ్వేలోళ్లు చూసిన్రట."

మరదలు తమ్ముడి వైపు చూసి నవ్వింది. "మీ చిన్నమామ అంగట్ల ఎద్దును గిట్లనే కొన్నడు. ఇద్దరు పోటీ పడి రేటు పెంచిన్రు. కొన్నంక తెలిసింది, ఇద్దరూ అమ్మినోని మనుషులేనని."

"ఎద్దు మంచిదే గదనే!" తమ్ముడు ఉడుక్కున్నాడు.

"మంచిదే. నేను రేటు సంగతి అంటున్న."

ఏఐ కంప్యూటర్లకు చిప్పులు చేసే కంపెనీయే వాటిని కొనే కంపెనీలో డబ్బు పెడుతుందని పేపర్లో చదివాను. అలాగని ఏఐ ఉత్తదే అనలేను. నా కంటి పరీక్ష రిపోర్టును ఫోన్‌లో ఏఐయే తెలుగులో విడమరచి చెప్పింది. అందుకు నేను పైసా కట్టలేదు. మరి అంత పెట్టుబడి ఎవరు కడితే తిరిగొస్తుంది? ఇదంతా బుడగేనా? ప్రశ్న రాసి, కింద జాగా వదిలాను.

"ఏం చెయ్యాల్నే అన్నా?" అన్నాడు తమ్ముడు.

"ఏఐ సంగతి నాకు తెల్వదురా. కని, నిజంగ భూమి కావల్సినోడైతే మొత్తం పైసలిచ్చి రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు గద?"

"నువ్వు రాసుకుంట కూసో మామా, రేటు నీ కోసం ఆగుతదా?" అని బ్రోకరు లేచాడు. రేపు చెబుతానన్నాడు తమ్ముడు.

మరునాడు ఉదయం ఏడింటికి ఫోన్ చేశాడు. "బయానా వద్దన్న అన్నా. మొత్తం పైసలు కట్టేటోన్ని తీస్కరమ్మన్న."

"ఏమన్నడు?"

"కోపం చేసి పోయిండు. పక్క పొలమోళ్ల ఇంటి ముంగట బండి ఆపిండు."

వెనకాల ట్రాక్టరు చప్పుడు. నాట్లకు ఆలస్యమైందని మరదలు కేకేస్తోంది. తమ్ముడు ఫోన్ పెట్టేశాడు.