మా అత్త రంపం మిషను

నా చిన్నప్పుడు మా మేనత్తంటే నాకు అస్సలు పడేది కాదు. ఆవిడ నాన్నకి అక్క. మామయ్య పోయాక తోట అమ్మేయమని నలుగురూ నాలుగు రకాలుగా చెప్పినా వినకుండా తనే చూసుకునేది. విస్సన్నపేట దారిలో మా మామిడితోటకీ ఆవిడ తోటకీ మధ్య ఒక్క గట్టే అడ్డం. ఆ గట్టు దాటి అటు వెళ్ళామంటే చాలు, "ఏమే కోడలా, చెప్పుల్లేకుండా తిరుగుతున్నావేం?" అని మొదలయ్యేది. నీళ్ళు తాగినా తప్పే, గెంతినా తప్పే. అలాంటి మనిషి ఎవరికి నచ్చుతుంది చెప్పండి?

మా వైపు రంపం మిషన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. కాపు తగ్గిన ముసలి చెట్లు కోయడానికి మనుషుల చుట్టూ తిరిగి తిరిగి విసుగొచ్చి, అత్త విజయవాడ వెళ్ళి ఒకటి కొనుక్కొచ్చింది. పెట్రోలుతో నడిచేది. తాడు లాగితే గుర్రుమని లేచి, పొడుగాటి పట్టీ చుట్టూ పళ్ళ గొలుసు కంటికి ఆనకుండా తిరిగేది. ఆడమనిషి దాన్ని పట్టుకోవడమే వింత అనుకుంటే, ఆవిడ వేషం ఇంకో వింత. మామయ్య పాత ప్యాంటు, బూట్లు, తలకి హెల్మెట్టు, కళ్ళకి అద్దాలు, మోత తగలకుండా చెవులకి డిప్పలు. చీర కుచ్చిళ్ళు, జడ, గాజులు ఏవీ ఆ గొలుసు దరిదాపుల్లోకి రాకూడదంటుంది. "మా అక్క చంద్రమండలానికి బయల్దేరింది" అని నాన్న వెక్కిరించేవాడు.

పని అయ్యాక ఇంకో భాగోతం. అరుగు మీద కూర్చుని పాత పళ్ళ బ్రష్షుతో రంపప్పొట్టు దులిపేది. ఆకురాయి పట్టుకుని ఒక్కో పన్నూ రాసేది, ఏ పన్నూ ఎక్కువ తక్కువ కాకుండా. గొలుసుని వేలితో లాగి వదిలి, మరీ వదులుగా ఉందా, మరీ బిగుసుకుందా అని చూసేది. మొద్దుబారిన రంపాన్ని బలం పెట్టి నొక్కాల్సి వస్తుందట, నొక్కితే అది మన మీదికే తిరుగుతుందట. ఆ టైములో మేం పక్కకి వెళ్తే కసిరి కొట్టేది. నాన్న ఒకసారి మిషను అరువడిగితే ఇవ్వలేదు సరికదా, "ముందు లుంగీ మానెయ్, తర్వాత మాట్లాడదాం" అంది. ఆ కోపం మా ఇంట్లో చాలాకాలం ఉంది.

ఆ యేడు చిన్నరసాలు విరగ్గాశాయి. కొమ్మలు విరిగిపోకుండా ప్రతి చెట్టుకీ ఊతకర్రలు పెట్టారు. కోతకి మనుషుల్ని పిలుద్దాం అనుకుంటుండగా ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడిపోయింది. గాలివానంటే పెద్దవాళ్ళకి గుండె దడ, పిల్లలకి పండగ. రాలిన కాయల్ని ఎవరు ముందు ఏరితే వాళ్ళవే. అమ్మ కేకలేస్తున్నా వినకుండా, గాలి ఇంకా పూర్తిగా తగ్గకముందే నేను బుట్ట పట్టుకుని తోటలోకి పరిగెత్తాను.

అన్నిటికంటే పెద్ద చెట్టు పాదులో కాయలు కుప్పగా పడి ఉన్నాయి. నీళ్ళు నిలవడానికని చుట్టూ కట్ట పోసి, మధ్యలో బాగా లోతుగా తవ్విన పాదు అది. అందులోకి దిగి కూర్చుని ఏరుకుంటున్నాను. తలమీద ఫెళ్ళుమంది. చూసేలోపే చీకటి పడిపోయింది.

తెలివొచ్చేసరికి వెల్లకిలా పడున్నాను. ముక్కు మీద ఆకులు, వాటి మీద నా ఒళ్ళంత లావు కొమ్మ. మొదలు దగ్గర చీలి, ఇంకా కొంచెం మానుకి వేలాడుతోంది. మధ్యలో పాదు కట్ట మీద ఆనింది. కాయల బరువున్న కొస అవతల నేలకి వంగిపోయింది. పాదు లోతుగా ఉండబట్టి నేను బతికాను. కానీ నా ఎడమ కాలు కొమ్మకీ మట్టికీ మధ్య ఇరుక్కుపోయింది. లాగితే ప్రాణం పోతోంది. పక్కకి తిరుగుదామంటే భుజానికి చోటు లేదు. గట్టిగా ఊపిరి తీసుకుంటే కొమ్మ బెరడు రొమ్ముకి తగులుతోంది. ఎర్రచీమలు మెడ మీద పాకుతుంటే దులుపుకోవడానికి చెయ్యి కూడా పైకి రాలేదు. ఇంక ఇక్కడే, ఇలాగే చచ్చిపోతాను అనుకున్నాను. అమ్మా అని అరిస్తే ఆ అరుపు నా చెవుల్లోకే తిరిగొచ్చినట్టనిపించింది.

నాన్న వచ్చాడు. ఆయన వెనక పక్కతోటల వాళ్ళు కొంతమంది వచ్చారు. కొమ్మ కింద చేతులు పెట్టి లేపబోయారు, కదిలితేనా? అప్పుడు ఎవరో కాయలు కోసేద్దాం, బరువు తగ్గుతుంది అన్నారు. మామిడితోటల్లో పెరిగినవాళ్ళకి పడిన కొమ్మ కనిపిస్తే చేతులు ముందు కాయల మీదికే పోతాయి. తలా ఒక చెయ్యి వేసి గబగబా కొయ్యడం మొదలెట్టారు. నాన్న కూడా ఏడుస్తూనే కోస్తున్నాడు. వాళ్ళు కోస్తున్నకొద్దీ కొమ్మ నా మీదికి దిగుతోంది. మొదట భ్రమ అనుకున్నాను. తర్వాత ఊపిరి సగమే ఆడుతోంది. వద్దు వద్దని అరిచాను. పాపం భయంతో అరుస్తోంది అనుకుని ఇంకా తొందరగా కోశారు.

"ఒక్క కాయ ముట్టుకున్నారంటే చేతులు విరగ్గొడతాను!"

ఆ గొంతు మా అత్తది. రోడ్డుకి అడ్డంగా పడిన చెట్టు కోస్తూ, కబురు విని మిషను భుజాన వేసుకుని, పెట్రోలు డబ్బా పట్టుకుని అలాగే వచ్చేసింది.

"బరువు తగ్గిస్తున్నాం అక్కా" అన్నాడు నాన్న.

"ఎవరి మీద తగ్గిస్తున్నావురా? కట్ట మీద ఆనింది కనపడట్లా? అటు తేలికైతే ఇటు దిగదూ?"

అందరూ కట్ట వైపు చూశారు. త్రాసులో ఒక తట్ట ఖాళీ చేస్తే రెండోది ఏమవుతుందో అక్కడ తెలియని వాళ్ళు లేరు. నాన్న చేతిలో గుత్తి నేల మీద పడిపోయింది.

అత్త బురదలో బోర్లా పడుకుని నా మొహం కనిపించేదాకా పాక్కుంటూ వచ్చింది. ఏడవకు అనలేదు, నేనున్నాను అనలేదు. కొమ్మనీ, మట్టినీ, నా కాలునీ చూసింది. రాలిన వాటిలోంచి ఒక పండు తీసి నా పక్కన కొమ్మకీ మట్టికీ మధ్య ఉన్న సందులో కూరింది. "దీన్నే చూస్తూ ఉండు. నలుగుతుంటే కేకెయ్. ఇది నీ పని" అని వెనక్కి పాక్కుంటూ వెళ్ళిపోయింది.

తోటలో ఊతకర్రలకి కొదవా? అవే పీక్కొచ్చి నాకు అటూ ఇటూ కొమ్మ కింద బిగించి దిగ్గొట్టించింది. నేను పండునే చూస్తున్నాను. నలగలేదు. హమ్మయ్య, ఇప్పుడు కోసేస్తుంది అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ మిషను తీసుకుని అవతలికి వెళ్ళి, ఖాళీ నేల మీద పెట్టి, పక్కనే కూర్చుంది! ఆకురాయి తీసి పళ్ళు రాస్తోంది.

కట్టకి నీళ్ళ కోసం పెట్టిన గండిలోంచి, ఆకుల సందున అది చూసి నాకు పిచ్చెక్కింది. నాన్న ఆవిడ కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ తలెత్తలేదు. "ఇంజను కాలిపోతోందిరా. ఇప్పుడు పెట్రోలు పోస్తే భగ్గుమంటుంది. ఉన్న చుక్కతో మొదలెడితే మధ్యలో ఆగుద్ది. రంపం కొమ్మలో ఇరుక్కుంటే పిల్లని ఎట్టా తీస్తావు?" అంది. ఆ మాటలు నాకు వినిపించాయి గానీ తలకెక్కలేదు. నాకు తెలిసిందల్లా ఒక్కటే. నేను చచ్చిపోతున్నాను, ఆవిడ కూర్చుంది.

అప్పుడు మొదలెట్టాను తిట్లు. కాయలు కోసే మనుషుల దగ్గర నేర్చుకున్నవన్నీ బయటికొచ్చాయి. రాక్షసీ అన్నాను. నువ్వే చచ్చిపో అన్నాను. నీ మిషను తగలెయ్య అన్నాను. పక్కతోటల వాళ్ళు తలలు దించుకున్నారు. అత్త మాత్రం ఇంజను మీద చెయ్యి పెట్టి చూసుకుని, చల్లబడ్డాక నెమ్మదిగా పెట్రోలు పోసి, ఒలికింది తుడిచి, డబ్బా దూరంగా పెట్టించి లేచింది. అందర్నీ కట్ట అవతలికి తరిమింది. పెట్రోలు పోసిన చోటు నుంచి ఇవతలికొచ్చి, మిషను నేల మీద పెట్టి, బూటుకాలితో అదిమి తాడు లాగింది.

తల పక్కన ఆ మోత ఎలా ఉంటుందో చెప్పలేను. రంపప్పొట్టు కళ్ళలో పడింది. ముందు అవతలి కొస వైపు, కింద నుంచి కొంచెం కోసి, తర్వాత పై నుంచి కోసింది. కొస ధబ్బున పడింది. వెంటనే ఇంజను ఆగిపోయింది. మళ్ళీ ఏమొచ్చిందే అని తిట్టాను. ఇంజను మోగింది. ఈసారి మాను వైపు పై నుంచి కాస్త కోసి, ఆపి, ఆ చీలికలో చెక్కముక్క దిగ్గొట్టింది, కొమ్మ రంపాన్ని కరుచుకోకుండా. నేను ఆపకుండా తిడుతూనే ఉన్నాను. చెవి డిప్ప ఒకటి పైకెత్తి, అలాగే కాసేపు నిలబడింది. అప్పుడు మళ్ళీ తాడు లాగి, వంగి కింద నుంచి మిగతాది కోసింది. అంత కంగారులోనూ, ఎదురుతిరుగుతుందని రంపం కొసని కొమ్మకి తగలనివ్వలేదు, రెండు చేతుల పట్టు వదల్లేదు.

ముక్క తెగి ఊతకర్రల మీద కూర్చుంది. నాన్న ఒక్క గెంతు గెంతాడు. అత్త ఇంజను ఆపి, గొలుసు తిరగడం పూర్తిగా ఆగేదాకా మోచేత్తో ఆయన్ని వెనక్కే తోసిపెట్టింది. తర్వాత అందరూ కలిసి ముక్కని లేపారు. నన్ను లాగింది అత్తే. బయటికొచ్చాక ఆకాశం ఎంత పెద్దగా కనిపించిందో! ట్రాక్టరు మీద నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కాలు రెండు చోట్ల విరిగింది, కానీ కాలు నాకు మిగిలింది.

కట్టు కట్టించుకుని మంచం మీద ఉండగా అత్త చూడ్డానికొచ్చింది. అమ్మ నాచేత క్షమించమని చెప్పించాలని చూస్తోంది. నేను మొహం గోడకి తిప్పుకున్నాను. అత్త మంచం మీద కూర్చుని నా తల మీద చెయ్యి వేసింది.

"దాన్నేం అనకు మరదలా. నీ కూతురు తిడుతున్నంతసేపూ నా చేతులు ఆడాయి. ఇంజను మోతలో దాని గొంతు వినపడక నా ప్రాణం పోయిందనుకో. అందుకేగా మాటిమాటికీ ఆపింది! ఆపగానే 'రాక్షసీ' అంటది. హమ్మయ్య, ఉంది నా తల్లి అనుకుని మళ్ళీ తాడు లాగేదాన్ని" అంది. నవ్వబోయింది, నవ్వలేకపోయింది. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ మనిషి అంతలా ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను. నేనూ గోడ వైపు నుంచి ఇటు తిరిగి, ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను.

అత్త పోయి చాలా కాలమైంది. రెండు తోటలూ ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. ఈ రోజుల్లో మా వైపు ఏ తోటలో చూసినా రంపం మిషన్లే. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళకి హెల్మెట్టు, బూట్లు లేకుండా మిషను ఇవ్వను, ఈ ముసలమ్మకి చాదస్తం అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఒక్కటి మాత్రం వాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు. "అమ్మా, కోత మధ్యలో ఇంజను ఎందుకండీ ఆపమంటారు, మళ్ళీ మళ్ళీ తాడు లాగాలి కదా?" అంటారు. వాళ్ళ చేత ఆపిస్తాను. ఆ మోత చెవుల్లోంచి పూర్తిగా పోయేదాకా నిలబెట్టి, చెట్టుకి అటుపక్క ఉన్న మనిషిని పేరు పెట్టి పిలుస్తాను. వాడు విసుక్కుంటూ "ఏంటండీ!" అని అరిచాకే మళ్ళీ తాడు లాగనిస్తాను.