ఖాళీ స్ట్రిప్ చూపించమనే టీచరమ్మ

మా వీధి టీచరమ్మ మొన్న నిద్రలోనే వెళ్ళిపోయారు. వాళ్ళాయన ఫోన్ చేసి చెప్పగానే ఏడుపొచ్చింది. బాధ తెలియకుండా పోయారన్న మాటకి కాస్త నిమ్మళించాను.

ఆవిడ మేముండే సూరత్‌లోనే ఓ కాలేజీలో బ్యాక్టీరియా గురించి పాఠాలు చెప్పేవారు. వాళ్ళాయనది రైల్వే ఉద్యోగం. మాది బతుకుదెరువుకి అక్కడికి వలసొచ్చిన మగ్గాల కుటుంబం. వీధిలో ఎవరికి యాంటీబయాటిక్ రాసినా, కోర్సు అయ్యాక ఖాళీ స్ట్రిప్ తెచ్చి ఆవిడకి చూపించాలి. చూపించకపోతే మోకాళ్ళని తిట్టుకుంటూ ఆవిడే మన మెట్లెక్కేవారు.

ఆ అలవాటు మా అన్న వల్లే మొదలైంది. తాపీ నది వరద ఊళ్ళోకి వచ్చిన ఏడాది అన్నకీ, అతని జోడీదారుకీ టైఫాయిడ్ వచ్చింది. ఒకే మగ్గాల మీద పగలు అన్న, రాత్రి అతను. బీడీకట్టైనా, చాయైనా వాళ్ళకి చెరి సగం. మందులూ అలాగే పంచుకున్నారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ విరుచుకుపడింది. అన్న మంచం దిగలేకపోయాడు. చూడటానికొచ్చిన టీచరమ్మకి అసలు సంగతి చెప్పాడు.

"ఒక్కని మందు ఇద్దరం ఏస్కున్నం టీచరమ్మా. జెరం తగ్గింది గదా, ఇంకేంది అనుకున్న."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "సగం మందుకి ఒంట్లో బ్యాక్టీరియా చావవురా, అవస్థ పడతాయి. ఆ అవస్థలో తమ నకలు తాము తీసుకుంటూ మామూలు కంటే ఎక్కువ తప్పులు చేస్తాయి. చాలా తప్పులు వాటికే చేటు. ఏ ఒక్కటో గుడ్డిగా కలిసొస్తే, ఆ బ్యాక్టీరియా మందుకి లొంగదు. మిగతావి పోయినా దాని సంతానం పెరుగుతుంది." అన్న మొహం చూసి మెత్తబడ్డారు. "నీకూ అలాగే జరిగిందని నేను చెప్పలేను. పరీక్ష చేయిద్దాం."

ఫలితం వచ్చేదాకా అమ్మ అన్నం సరిగా తినలేదు. ల్యాబ్‌లో ఉన్నది టీచరమ్మ పాత స్టూడెంటే కాబట్టి నన్నూ లోపలికి తీసుకెళ్ళారు. గాజు పళ్ళెంలో అన్న రక్తం నుంచి తీసి పెంచిన బ్యాక్టీరియా, దాని మీద ఒక్కోటి ఒక్కో మందులో తడిపిన చిన్న కాగితం బిళ్ళలు. అన్న వాడిన మందు బిళ్ళని ఆనుకునే బ్యాక్టీరియా దట్టంగా పెరిగింది. మిగతా బిళ్ళలూ వరసగా చూశాను. చివర ఒక్క బిళ్ళ చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ.

"ఇక్కడికి రాలేకపోయాయి చూడు. మీ అన్నకి మందు దొరికిందే!" అని నా వీపు మీద ఒక్కటి చరిచారు. అంత హాయైన దెబ్బ నేనెప్పుడూ తినలేదు. ఆ మందుతో ఇద్దరూ లేచి తిరిగారు.

మొన్న ఆవిడని కడసారి చూడటానికి అన్న షిఫ్టు నుంచి నేరుగా వాళ్ళింటికే వచ్చాడు. చేతి గాయానికి వాడుతున్న మందు ముందు రోజే అయిపోయిందట, ఆవిడకి చూపిద్దామని స్ట్రిప్ జేబులో పెట్టుకున్నాడు. కాసేపు తటపటాయించి, పూలు కొంచెం పక్కకి జరిపి, దాన్ని ఆవిడ చేతి దగ్గర పెట్టాడు.

"అన్నీ ఏస్కున్న టీచరమ్మా."

బంతిపూల మధ్య ఆ ఖాళీ స్ట్రిప్ మెరుస్తూ ఉండిపోయింది.