మిరపకాయల ఇంట్లో తెల్ల టైల్స్

మా హాల్లో తెల్ల టైల్స్ వేయిస్తానంటే నన్ను తిట్టని వాళ్లు లేరు. మా అత్తమ్మ అయితే ఆ పూట అన్నం కూడా ముట్టుకోలేదు. "మిరప పండించే ఇంటికి తెల్ల టైల్స్ ఏంటే? ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారంట!" అంది. నాపరాళ్లు వేయించుకుంటే ఏం పడినా కనపడదు కదా అని ఆవిడ వాదన. ఏం పడినా కనపడకపోవడమే నాకు నచ్చలేదు. మురికి ఉంటే కనపడాలి. కనపడితే కడగాలి. కడగడానికి భయపడి నల్లరాయి వేయించుకునే రకాన్ని కాదు నేను.

ఈ పంతం ఊరికే రాలేదు. మా అత్తమ్మ వయసంతా పరాయి చేలల్లో కాయ కోసింది. కూలి కోసం వెళ్లినా, పెళ్లికి పిలిస్తే వెళ్లినా ఆ ఆసాముల ఇళ్ల వాకిట్లోనే నిలబడింది, లోపలికి రమ్మన్నవాళ్లు లేరు. కొత్త కోడలిగా నేనూ ఆవిడ పక్కన అలాగే నిలబడ్డాను. తర్వాత పొలం కౌలుకు పట్టి మేమే మిరప వేశాం. పంట కలిసొచ్చింది, ఇల్లు లేచింది. గృహ ప్రతిష్ఠ ప్రార్థనకి చర్చి వాళ్లందరినీ పిలుద్దామంది అత్తమ్మ. "అందరూ లోపలికొచ్చి కూర్చోవాలే. వాకిట్లో ఒక్కరు కూడా నిలబడటానికి వీల్లేదు" అని గట్టిగా చెప్పింది.

ప్రార్థన ఇంకో వారం ఉందనగా మబ్బు పట్టింది. కోసిన కాయంతా కల్లంలో ఆరబోసి ఉంది. పట్టాలు కప్పేలోపే గాలి లేచి వాటిని ఎగరేసింది. తడిస్తే కాయ తెల్లబడి తాలైపోతుంది, కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. మా ఆయన గోతాలు మోసుకొచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కొత్త నేల వంక చూస్తాడు, నా వంక చూస్తాడు.

"ఏంటలా చూస్తావ్? నేలైతే నేను కడుక్కుంటా. కాయ పాడైతే ఎవరు కడుగుతారు? పోయ్ లోపల!" అని అరిచాను.

హాలంతా మోకాలెత్తు కాయ. ఫ్యాన్లు తిప్పి, మేం వసారాలో పడుకుని, దగ్గుతూ తుమ్ముతూ గడిపాం. మూడో రోజుకి ఎండ కాసింది, కాయ మళ్లీ కల్లం చేరింది. దేవుడి దయవల్ల పంట నిలబడింది.

ఇక నేల. నేను చీపురు తెచ్చేలోపు మా ఆయన సాయం చేద్దామని రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించేశాడు. ఓర్నాయనో! పొడి కారం మీద నీళ్లు పడితే ఏమవుతుందో పుట్టినప్పటి నుంచి మిరపలో బతికిన మనిషికి తెలియదా? ఘాటు గుప్పున లేచి పక్కింటి వదిన కూడా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. అది పోతే పోయింది, ఆ ఎర్రనీళ్లు టైల్స్ మధ్య సందుల్లోకి ఇంకిపోయాయి. హాలంతా పచ్చడి కలిపిన గిన్నెలా తయారైంది. సర్ఫు వేసి తోమాను, పోలేదు. మళ్లీ తోమాను, నేల పైన తెల్లబడింది గానీ సందులు ఎర్రగానే ఉన్నాయి.

అసలు చిక్కేంటంటే, ప్రార్థన పెట్టుకున్నది సంస్కారపు ఆదివారం, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. ఆ రోజు మా ఆడవాళ్లందరూ తెల్ల చీరలు కట్టుకుని చర్చికి వస్తారు. అవే చీరలతో తిన్నగా మా ఇంటికి రావాలి, నేల మీద కూర్చోవాలి. పక్కింటి వదిన అప్పటికే వీధంతా చాటింది. "వాళ్లింట్లో కూర్చుని లేస్తే చీర ఎర్రబడుద్దంట" అని. అత్తమ్మ విని వాకిట్లోకి వెళ్లి నిలబడింది. తిట్టినా బాగుండేది.

బాత్రూం యాసిడ్ పోయమన్నారు కొందరు. వద్దన్నాను. మా చెల్లెలి ఇంట్లో చూశాను, మచ్చతో పాటు సందుల్లో సిమెంటునీ తినేస్తుంది. వసారాలో కూలబడి ఆలోచిస్తుంటే నా చేతులు కనపడ్డాయి. కాయ కోసి వచ్చాక చేతులు మండితే మేమెవరం ముందు నీళ్లు తాకం. నూనె రాసుకుని, తర్వాతే కడుక్కుంటాం. కారం నీళ్లకి లొంగదు, నూనెకి లొంగుతుంది. చేతికి పనికొచ్చింది నేలకెందుకు పనికిరాదు?

వేరుశెనగ నూనెలో గుడ్డ ముంచి సందు వెంట సందు రుద్దాను. ఎరుపు గుడ్డకి ఎక్కింది. ఎక్కిన ఎరుపు చూసి నవ్వొచ్చింది నాకు. నూనె పీల్చడానికి తవుడు చల్లి, ఊడ్చి, వేడినీళ్లలో తినే సోడా, సబ్బు కలిపి పాత బ్రష్షుతో తోమాను. మిగిలిన కాస్త మరక పోవడానికి తలుపులు, కిటికీలు బార్లా తీసి ఎండ పడనిచ్చాను. ఎక్కువ ఎండితే కాయ రంగు పోతుందని బాధపడేవాళ్లం కదా, ఈసారి ఎండ నా పక్షాన పనిచేసింది. నడుం విరిగిపోయింది. శనివారం సాయంత్రానికి నేల పాలమీగడలా ఉంది. నేనే తోమాను, నా చేతుల్తో తోమాను, ఇందులో మొహమాటపడాల్సింది ఏముంది?

ఆదివారం మా ఆయన జంపఖానాలు అద్దెకి తెచ్చాడు. "వాటిని వసారాలోనే పెట్టు. కప్పి పెట్టుకోవడానికా నేను వీపు పగిలేలా తోమింది?" అన్నాను. గొణుక్కుంటూ పక్కన పెట్టాడు.

చర్చి అయ్యాక అందరూ వచ్చారు. వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. తెల్ల చీరల కుచ్చిళ్లు పైకి పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. "కుర్చీలు లేవా అమ్మా?" అంది ఒకావిడ. పక్కింటి వదిన అయితే వాకిట్లోంచి కదలనే లేదు. వాకిలి నిండా మనుషులు, హాలు ఖాళీ.

అప్పుడు అత్తమ్మ వాళ్లని తోసుకుంటూ లోపలికొచ్చింది. ఒంటిమీద ఇస్త్రీ నలగని తెల్ల చీర. హాలు నడిమధ్యకి వెళ్లి ఉత్త నేల మీద చతికిలబడింది. కూర్చున్నది కూర్చున్నట్టే ఇటు నుంచి అటు జరిగింది. తర్వాత మోకాళ్లు పట్టుకుని లేచి అందరికీ వీపు చూపించి నిలబడింది.

"చూడండే! ఎర్రచుక్క ఎక్కడుందో చూపించండి!"

ముందున్న ఒకావిడ వంగి మరీ చూసింది. చుక్క ఉంటే కదా.

"మా కోడలు తోమింది ఈ నేల. రండి, కూర్చోండి" అంది.

ముందు పాస్టరు అయ్యగారి భార్య వచ్చి కూర్చుంది. ఆవిడ వెనక ఒక్కొక్కరూ వచ్చారు. చివరికి పక్కింటి వదినా లోపలికొచ్చింది, చోటు చాలక గోడవైపు జరగాల్సి వచ్చింది. అయ్యగారు ప్రార్థన ఎత్తుకోగానే అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, దేవుడు క్షమిస్తాడులే. అత్తమ్మా మూసుకోలేదు. అంతమంది మధ్యలో కూర్చుని, అరచేయి టైల్ మీద పెట్టి మెల్లగా నిమురుతోంది.