బండి తోలుకొచ్చిన సాయిబు

తెల్లదొరల పాలన చివరి ఏళ్ళలో నేను మార్కాపురం ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశాను. మాది క్రైస్తవ కుటుంబం. ఆ సంగతి ఊరందరికీ తెలిసినా, ఎవరూ నా ముఖం మీద ఎత్తేవాళ్ళు కారు.

శివరాత్రి దగ్గరపడిన రోజులు. ఒక సాయంత్రం ఒక సాయిబు తన ఎద్దుల బండిలో ముసలి దంపతులను తెచ్చాడు. శ్రీశైలం పోతున్నవాళ్ళను తెల్లవారుతూనే దోర్నాల అడవిలో దొంగలు పొడిచారట. ఆ దారిన వస్తున్న సాయిబు తన తలపాగా చించి కట్లు కట్టి, ఎక్కడా ఆగకుండా తోలుకొచ్చాడు. ముసలాయన బండిలోనే పోయాడు. ఆమెకు స్పృహ లేదు. సాయిబు చొక్కా నిండా నెత్తురు.

జనం ఆ చొక్కానే చూశారు. కాసేపట్లో బజారంతా ఆసుపత్రి ముందు చేరింది.

"తురకోడే పొడిచినాడు! దొరికిపోతానని ఈడికి తోలుకొచ్చినాడు."

"పొడిచినోడు ఆసుపత్రికెందుకు తెస్తాడు నాయనా?" అని ఒక అవ్వ అడిగింది. ఆమెను పక్కకు నెట్టేశారు.

సాయిబు నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నువ్వన్నా చెప్పు. కట్లు నేనే కట్టినా."

నేను వాకిట్లోకి వెళ్ళి నోరు తెరిచానో లేదో, రోజూ నన్ను పిలిచి కూర్చోబెట్టే బట్టల దుకాణదారు ముందుకొచ్చాడు.

"నువ్వు మాట్లాడొద్దు. నువ్వు కిరస్తానమోడివి. మీరు మీరు ఒకటి."

నేను వెనక్కి తిరిగి లోపలికి వచ్చేశాను.

సాయిబును వాళ్ళు బయటికి లాగి, అతని చెర్నకోలతోనే కొట్టారు. పోలీసులు వచ్చి విడిపించేసరికి కుడిచెయ్యి విరిగింది.

అతని చేతికి నేను బద్దలు కడుతుండగా ముసలామె కళ్ళు తెరిచింది. "నాకు నీళ్ళు తాపిన బిడ్డ ఏడి?" అంది. పోలీసులు అడిగితే, పొడిచినవాళ్ళు వేరే అని చెప్పింది. ఆ మాట వాకిట్లో నిలబడి గట్టిగా అరిచి చెప్పాను. ఒక్కరూ తల దించుకోలేదు.

"ఈడు కాకుంటే ఈడి జాతోడెవడో" అంటూ దుకాణదారు వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళకు ఆ మాట సరిపోయింది.

దొంగలు ఎప్పటికీ దొరకలేదు. ఆ ఏడంతా సాయిబుల బండ్లు కట్టించుకునేవాళ్ళు లేరు.

చెయ్యి అతికాక అతను కట్టు విప్పించుకోవడానికి వచ్చాడు. తప్పయిపోయింది, క్షమించమన్నాను.

"నీకూ భయమే గదన్నా" అన్నాడు. నా ముఖం మాత్రం చూడలేదు.